ఏటి ఒడిలో ఇల్లు

పాఠ్యభాగ ఉద్దేశ్యం

గోదావరి డెల్టాలోని లంక గ్రామాల స్వరూపాన్ని, అక్కడి ప్రజల జీవన విధానాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం. పూర్వీకుల ఇంటిని దర్శించడమంటే కేవలం గోడలను, తలుపులను చూసి రావడం కాదనీ, వాటి వెనుక నిలిచిన మాటను, మమతను గుర్తించడమనీ తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశ్యం.

పాఠ్యభాగ నేపథ్యం

ఉద్యోగాల నిమిత్తం పల్లెలను విడిచిన కుటుంబాలు ఏ పండుగకో, పెద్దల తిథికో స్వగ్రామానికి వెళ్ళిరావడం మనకు పరిపాటి. అయితే ఆ స్వగ్రామం నదీమధ్యంలోని ఒక లంక అయినప్పుడు ఆ రాకకు మరొక అర్థం ఏర్పడుతుంది. మరల వచ్చేసరికి ఆ నేల అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. ఈ పాఠంలోని కుటుంబం కల్పితం. నది, లంకలు, వరదలు మాత్రం యథార్థం.

పాఠ్యభాగం

'లంక' అనే మాట వినగానే చదువుకున్నవారికి రామాయణం స్ఫురిస్తుంది. గోదావరి తీరవాసికి మాత్రం రావణుని రాజధాని కంటె ముందుగా ఏటి నడుమ పచ్చని అరటితోట కనిపిస్తుంది. సంస్కృతంలో 'ద్వీపం' అనగా రెండు వైపుల నీరు కలది. అదే అర్థంలో నదీమధ్యంలో వెలసిన నేలకు తెలుగువాడు 'లంక' అని పేరు పెట్టుకున్నాడు. బొబ్బర్లంక, బూరుగులంక, ఊడిమూడిలంక, అయోధ్యలంక, కనకాయలంక, గురజాపులంక – ఇలా ఆ పేర్లను వల్లించుకుంటూ పోతే గోదావరి వెంట సముద్రం దాకా నడిచి వెళ్ళినట్లే ఉంటుంది.

మహారాష్ట్రలోని నాసిక్ సమీపాన త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ధవళేశ్వరం దిగువన అది గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి వైనతేయ విడివడుతుంది. ఈ పాయల నడుమ, సముద్రం అంచున, ముక్కోణపు ఆకృతిలో అమరిన నేలయే కోనసీమ. శ్రీనాథ మహాకవి భీమేశ్వర పురాణంలో కీర్తించిన దక్షారామం ఈ సీమకు ఆవలి గట్టున, గౌతమికి తూర్పున వెలసింది. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట వలన ఈ డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ పాత ఆనకట్ట స్థానంలో నేడు బ్యారేజి నిలిచి ఉన్నది.

డెల్టాను వరదల నుండి కాపాడడానికి నదికి ఇరువైపుల ఎత్తైన ఏటిగట్లు వేశారు. గట్టుకు ఆవల ఉన్న ఊళ్ళకు ఆ గట్టు రక్ష. లంకలు మాత్రం రెండు గట్ల మధ్య, సాక్షాత్తు నది ఒడిలో ఉన్నాయి. గట్లు ఎంత ఎత్తుగా లేస్తే లోపలి నీరు అంత ఎత్తుగా పారుతుంది. ఊరందరికీ రక్ష అయినది లంకవాసికి రక్ష కాదు. ఈ సంగతి తెలిసికూడా తరతరాలుగా ప్రజలు అక్కడ ఎందుకు నివసిస్తున్నారన్న ప్రశ్నకు సమాధానం వారి కాళ్ళ కిందనే ఉన్నది. వరద వచ్చిపోయిన ప్రతిసారీ నది ఆ నేలమీద ఒండ్రుమట్టిని పరచిపోతుంది. ఆ మట్టిలో కొబ్బరి, అరటి, కంద, కూరగాయలు, పేరుపొందిన లంక పొగాకు ఏపుగా పెరుగుతాయి. ముంచేదీ ఏరే, పెంచేదీ ఏరే.

అటువంటి ఒక లంకనుండి హైదరాబాదుకు ఒకనాటి సాయంకాలం టెలిఫోను వచ్చింది. పలికినది తమ్ముడు. విన్నది డెబ్బై దాటిన అన్న.

"అన్నయ్యా, ఈ ఏడు ఏరు మన నూతి దాకా వచ్చేసింది. పై ఏటికి ఇల్లుంటుందో ఉండదో చెప్పలేం. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఓసారి వచ్చి చూసి వెళ్ళు."

అంతకు మించి అతడు ఏమీ అడగలేదు. అన్నగారికి ఆ మాటలలోని తొందర అర్థమైంది. అయితే ఆయన మనస్సులో మరొక ఆలోచనకూడా ఉన్నది. తండ్రి పోయిన తర్వాత అన్నదమ్ములకు చెరి రెండెకరాల తోట పంచి ఇచ్చారు. పెద్దవానికి ఏటివైపు, చిన్నవానికి ఊరివైపు. ఇల్లు ఉమ్మడిగా ఉంచుకున్నారు. తన వాటా అమ్మివేస్తే మనుమడి పైచదువుకు ఆసరా అవుతుందని ఆయన కొంతకాలంగా తలపోస్తున్నాడు. పత్రాలన్నీ ఒక సంచిలో సర్దుకొని, కుమార్తెను, ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమడిని వెంటబెట్టుకొని బయలుదేరాడు.

రాజమహేంద్రవరంలో రైలు దిగి ధవళేశ్వరం బ్యారేజిమీదుగా కారులో బొబ్బర్లంక చేరారు. అక్కడి నుండి ఆత్రేయపురం, రావులపాలెం దాటి కాలువ వెంబడి పి.గన్నవరం వైపు సాగారు. శరదృతువు కావడం వలన ఏటి ఇసుకతిన్నెలమీద రెల్లు పూచి, తెల్లని వస్త్రం ఆరవేసినట్లున్నది. వైనతేయపాయమీద కాలువ నీటిని దాటించడానికి కట్టిన పాత అక్విడక్టు కమానులను చూసి మనుమడు ఆశ్చర్యపడ్డాడు. నదిమీద నది పారుతున్నదని వాడికి తోచింది.

ఏటిగట్టు ఎక్కిన తర్వాత దారి ముగిసింది. వేసవిలో ఇసుకమీదుగా నడిచి లంకకు పోవచ్చు. జూలైలో ఎర్రనీరు దిగగానే ఆ బాట కొట్టుకొనిపోతుంది. ఆపైన కొన్ని నెలలు పడవయే గతి. బడికి వెళ్ళే పిల్లలు, పాలక్యాన్లు, అరటిగెలలు, సైకిళ్ళు, ఆసుపత్రికి వెళ్ళవలసిన రోగులు అందరూ ఆ పడవమీదనే దాటాలి. వారు ఎక్కిన పడవలో ఒక బాలింత పసిబిడ్డను పొత్తిళ్ళలో పెట్టుకొని కూర్చున్నది. పడవ నడిపే మనిషి గెడ వేసి ఒడ్డునుండి పడవను నెట్టి, ఆ బిడ్డకు మొదటిసారి ఏరు దాటిస్తున్నందున కొబ్బరికాయ కొట్టారా అని అడిగాడు. కొట్టామన్నది తల్లి. మనుమడు నవ్వబోయి, అందరి ముఖాలూ గంభీరంగా ఉండడం చూసి ఊరుకున్నాడు.

ఆ ఇల్లు మండువా లోగిలి. నడుమ ఆకాశానికి తెరచిన మండువా, దాని చుట్టూ నాలుగు వైపుల వసారాలు, వాటికి ఆవల గదులు. పైన గూనపెంకులు. వీధివైపు ఏడు మెట్లెక్కితేగాని అరుగు అందదు. పట్నంనుండి వచ్చినవారికి ఆ ఎత్తు దర్పంగా కనిపిస్తుంది. నిజానికి అది దర్పం కాదు, గణితం. కట్టినవారు అంతకుముందు చూసిన వరదలన్నింటిని లెక్కవేసి పునాది లేపారు. గదులమీద బలమైన అటక వేసి, దానిపైకి వెడల్పయిన నిచ్చెన అమర్చారు. ఆషాఢం రాగానే అటుకులు, బెల్లం, పప్పు, ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు అటకమీదికి చేరేవి. పశువులను ముందుగానే ఏటిగట్టుమీదికి తోలేవారు. ఇది భయం కాదు, పూర్వాచారం. పండుగకు ఇల్లు అలికినట్లే వరదకు ఇల్లు సిద్ధం చేసేవారు.

"ఈ దూలాలు ఎక్కడివి తాతయ్యా?" అని మనుమడు అడిగాడు.

"ఏటిమీదనే వచ్చాయిరా" అన్నాడు పెద్దాయన. పూర్వం భద్రాచల ప్రాంతపు అడవులలోని కలపను తెప్పలుగా కట్టి ప్రవాహం వెంట దిగువకు తెచ్చేవారు. సుమారు వంద సంవత్సరాల క్రితం ఆయన తాతగారు అట్లా వచ్చిన టేకును కొని ఈ ఇల్లు కట్టించాడు.

సావిడిలోని ఒక స్తంభంమీద ఉలితో చెక్కిన అడ్డగీతలున్నాయి. ఒక్కొక్క గీత ప్రక్కన ఒక సంవత్సరం. 1953, 1986, 2006, 2022. నీరు ఇంటిలో ఎంత ఎత్తుకు వచ్చినదో ఆ గీతలు చెబుతాయి. అన్నింటికంటె పైనున్నది 1986 గీత. మనుమడు స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ గీత వాడి నెత్తికి జానెడు ఎత్తున ఉన్నది.

1986 ఆగస్టులో వచ్చిన వరద గోదావరి తీరవాసులు మరువలేనిది. భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం వద్ద ముప్పై అయిదు లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదయింది. అక్కడ పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, పదిహేడు లక్షలకు మూడవ హెచ్చరిక ఇస్తారు. దీనినిబట్టి ఆనాటి ప్రవాహం ఎంతటిదో ఊహించవచ్చు. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71.3 అడుగుల మట్టం నమోదైనప్పుడుకూడ పెద్దలు 1986నే తలచుకున్నారు.

ఆ 1986 శ్రావణంలో అన్నగారు సెలవుమీద ఇంటికి వచ్చి ఉన్నారు. తల్లి, అన్నదమ్ములు, తమ్ముని భార్య రెండు రాత్రులు అటకమీద గడిపారు. మండువాలో నీరు సుడులు తిరుగుతుంటే తల్లి దీపం ఆరకుండ చేయి అడ్డుపెట్టి కూర్చున్నది. మూడవనాడు నావ వచ్చి వారిని గట్టుకు చేర్చింది. నీరు తీసిన తర్వాత, అందరం హైదరాబాదు పోదామన్నాడు పెద్దకొడుకు. తల్లి ఒప్పుకోలేదు. "ఏరు వచ్చిందని ఇల్లు వదిలితే, ఏరు వెళ్ళాక ఎవరి మొహం చూడాలిరా?" అన్నది. పెద్దకొడుకు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. చిన్నకొడుకు తల్లి దగ్గర ఉండిపోయాడు. ఎవరూ ఎవరినీ నిందించలేదు. కాని ఆనాటినుండి ఒకరు వెళ్ళినవారు, ఒకరు ఉన్నవారు అయ్యారు.

భోజనాలైన తర్వాత అన్నగారు పెరటిలోకి నడిచాడు. పదమూడు సంవత్సరాల క్రితం తల్లి కర్మకు వచ్చినప్పుడు ఆ పెరటికి ఆవల తన రెండెకరాల తోట దట్టంగా ఉన్నది. ఇప్పుడు పెరడు దాటి ఇరవై అడుగులు వేసేసరికి నేల తెగిపోయింది. కింద ఏరు. ఒడ్డుకు కొంత దూరాన నీటిలో నూతి ఒరలు ఒకదానిమీద ఒకటి నిలిచి ఉన్నాయి. చుట్టూ మట్టి కరిగిపోగా నుయ్యి ఒక స్తంభంవలె ఏటిలో ఒంటరిగా మిగిలింది.

"మన ఏటివైపు తోట ఎక్కడరా?" అన్నాడు ఆయన.

తమ్ముడు చేయి చాచి, నూతి ఒరలకు చాలా ఆవల నీరు సుడి తిరుగుతున్న చోటు చూపించాడు.

నది వంపు తిరిగిన చోట వెలుపలి ఒడ్డును వేగంగా తాకే నీరు కోస్తుంది, లోపలి ఒడ్డున మెల్లగా సాగే నీరు ఇసుకమేట వేస్తుంది. ఒకచోట తీసినది మరొకచోట పెడుతుంది. విచిత్రమేమంటే, గట్టు వరద నిండుగా ఉన్నప్పటి కంటె వరద తీసిన తర్వాతనే ఎక్కువగా విరిగి పడుతుంది. నిండు ప్రవాహంలో నీరే ఒడ్డుకు ఆనికగా ఉంటుంది. నీరు దిగగానే ఆ ఆనిక పోయి, తడిసి బరువెక్కిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఏటిలో కూలుతుంది. అందుకే లంకవాసులు వరదలో ఒక రకంగా, వరద తర్వాత మరొక రకంగా మేలుకొని ఉంటారు. ఎగువన జలాశయాలు వెలసిన తరువాత డెల్టాకు చేరే ఒండ్రు తగ్గిందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. తీసుకొనే చేయి మారలేదు, ఇచ్చే చేయి మాత్రం చిన్నదయింది.

అన్నగారు చాలాసేపు నీటివైపు చూశాడు. సంచిలోని పత్రాలలో నాలుగు దిక్కుల హద్దులతో రెండెకరాల తోట భద్రంగా ఉన్నది. నేలమీద లేదు.

"చివరి చెట్టు ఎప్పుడు పడింది?"

"ఎనిమిదేళ్ళయింది."

ఆయన నిశ్చేష్టుడయ్యాడు. ప్రతి సంక్రాంతికీ కొబ్బరి దింపుల లెక్క, సగం సొమ్ము తమ్ముని వద్దనుండి తనకు చేరుతూనే ఉన్నది. కిందటి సంక్రాంతికికూడ చేరింది. తోటలేని ఆ ఎనిమిదేళ్ళ సొమ్ము ఎక్కడిది?

"మరి నాకు పంపిన డబ్బు?"

తమ్ముడు వెంటనే మాట్లాడలేదు. ఒడ్డున వేలాడుతున్న ఒక కొబ్బరివేరును కాలితో లోపలికి నెట్టి, "ఉన్న తోటలోది" అన్నాడు.

"అది నీ వాటా కదరా."

"పంపకాలనాడు అమ్మ ఏమందో మర్చిపోయావా అన్నయ్యా? ఏరు ఎవరి వాటా కోసినా ఇద్దరిదీ కోసినట్టే అంది. నువ్వూ సరేనన్నావు. అప్పుడు పోయింది ఇద్దరిదీ అయితే, ఉన్నదీ ఇద్దరిదే కదా."

ఆ మాట అన్ననాడు అన్నగారు అక్కడే కూర్చుని ఉన్నాడు. పత్రాలను ఆయన నలభై ఏళ్ళుగా బీరువాలో పదిలపరచుకున్నాడు. మాటను మాత్రం మరచిపోయాడు. చిన్నవాడు పత్రం ఎక్కడున్నదో ఎరుగడు. మాటను మరువలేదు. ఆ రాత్రి పెద్దాయన తన సంచిని విప్పలేదు. వాటా అమ్మకం ప్రస్తావన ఆయన పెదవి దాటలేదు. తాను ఏ పనిమీద వచ్చినదీ తమ్మునికి చెప్పవలసిన అవసరం కలుగలేదు గాని, చెప్పకపోవడంకూడా ఆయనకు బరువుగానే తోచింది.

మరునాడు ఉదయం ఆయన తమ్ముని పిలిచి, "ఇన్నాళ్ళూ మీ ఇంట్లో సగం తిండి నేను తిన్నాను. ఇక ఉన్న రెండెకరాలూ నీ పేరనే రాసిస్తాను" అన్నాడు.

"అట్లా రాస్తే అమ్మ మాట పోతుంది అన్నయ్యా" అని తమ్ముడు అంగీకరించలేదు.

ఈ చిక్కుముడిని కుమార్తె విప్పింది. "నాన్నా, నేల సంగతి తర్వాత. ముందు ఇల్లు ఉంది కదా. ఏరు తీసుకుపోయేలోగా మనమే తీద్దాం. బాబాయ్, లంక నడిమి మెరకమీద నీకు స్థలం ఉందన్నావు కదా?"

ఏటికోత దగ్గరపడినప్పుడు తలుపులు, ద్వారబంధాలు, దూలాలు, పెంకులు విప్పి వేరొకచోటికి తరలించడం లంకవాసులకు తెలియని పని కాదు. వారికి ఇల్లంటే స్థలానికి అతుక్కొని ఉండేది కాదు, అవసరమైతే వెంట తీసుకొని పోగలిగినది. పట్నవాసులకు ఇది విడ్డూరం. పట్నంలో ఇల్లు మారడమంటే సామాను మారడం. లంకలో ఒక్కొక్కసారి ఇల్లే మారుతుంది, ఇంటివారు మారరు.

వడ్రంగిని పిలిపించారు. ఆయన దూలాలను తట్టి చూసి, చెదలు పట్టినవి నాలుగైదు మినహా తక్కినవి మరొక వంద సంవత్సరాలు నిలుస్తాయన్నాడు. విప్పడానికి, చేరవేయడానికి, మెరకమీద పునాది లేపడానికి అయ్యే ఖర్చు అంచనా వేశారు. ఉమ్మడి తోట ఆదాయం కొంత, అన్నగారు ఇచ్చేది కొంత. తాను ఇచ్చే సొమ్ము ఎనిమిదేళ్ళ బాకీ అని ఆయన అనలేదు. ఇంటి ఖర్చులో తన వంతు అన్నాడు. తమ్ముడుకూడ ఆ తేడాను గ్రహించి కాదనలేదు. ఇచ్చేవాడు ఋణం తీర్చుకుంటున్నానని ఎరుగును. పుచ్చుకొనేవాడికి అది దానంగా తోచకూడదు. ఈ మర్యాదను ఆ అన్నదమ్ములు ఎవరి వద్దా నేర్చుకోలేదు, ఆ ఇంటిలోనే నేర్చుకున్నారు.

మనుమడికి ఒక పని అప్పగించారు. విప్పబోయే ప్రతి దూలానికి, వాసానికి, స్తంభానికి సున్నంతో గుర్తు వేయాలి. ఏది ఎక్కడిదో తెలియకపోతే తిరిగి కూర్చడం అసాధ్యం. వాడు చిన్నతాతయ్య వెంట నిచ్చెన ఎక్కి 'తూర్పు 1, తూర్పు 2, పడమర 1' అంటూ రెండు రోజులు గుర్తులు వేశాడు. వచ్చిననాడు ఆ ఇల్లు వాడికి పాతబడిన ఒక పెద్ద కట్టడం. రెండు రోజులు గడిచేసరికి ఏ దూలం ఏ స్తంభంమీద ఆనుకొని ఉన్నదో, ఏది తీస్తే ఏది పడుతుందో వాడికి కంఠస్థమయింది. తాతయ్య చెప్పిన కథలకంటె ఆ లెక్కయే వాడిని ఇంటివాడిని చేసింది.

సావిడి స్తంభం దగ్గరకు వచ్చేసరికి వాడికి ఒక సందేహం కలిగింది. "తాతయ్యా, దీన్ని మెరకమీద పాతితే ఈ గీతలన్నీ తప్పవుతాయి కదా? అక్కడ నేల ఎత్తు వేరు."

న్యాయమైన ప్రశ్న. అందరూ ఆలోచనలో పడ్డారు. గీతలు చెరిపి నునుపు చేయవచ్చునన్నాడు వడ్రంగి. తమ్ముడు అన్నవైపు చూశాడు.

"చెరపవద్దు" అన్నాడు పెద్దాయన. "నీరు ఎంతెత్తు వచ్చిందో ఈ గీతలు అక్కడ చెప్పలేవు. వచ్చిందని చెబుతాయి. కొత్త నేలమీద కొత్త కొలత మీరు వేసుకోండి."

తిరుగు ప్రయాణంనాడు తమ్ముడు రేవుదాకా వచ్చాడు. మాఘమాసంలో నీరు తగ్గిన తర్వాత ఇల్లు విప్పాలని, ఆ పనికి అన్నగారు పదిరోజుల ముందుగా రావాలని నిశ్చయించుకున్నారు. పదమూడేళ్ళకు ఒకసారి వచ్చిన మనిషి నాలుగు నెలలకే మళ్ళీ వస్తానన్నాడు. పడవ కదిలింది. మనుమడు ఒడ్డుకేసి చూస్తూ, తాను గుర్తులు వేసిన దూలాలెన్నో వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు.

పూర్వీకుల ఆస్తి అనగానే మనకు నేల, ఇల్లు, నగలు స్ఫురిస్తాయి. వాటికి పత్రాలుంటాయి, హద్దులుంటాయి. కాని ఏరు ఏ పత్రాన్నీ చదవదు, ఏ హద్దునూ గుర్తించదు. లంకలో పుట్టినవారికి ఈ సత్యం అత్యంత సహజంగా బోధపడుతుంది. నేల నిలవదని ఎరిగినవారే మాటను నిలుపుకుంటారు. విడిచి వెళ్ళినవారు తిరిగి వచ్చి చూడవలసినది ఆ మాట ఇంకా నిలిచి ఉన్నదా అని. ఉన్నదని తెలిసినప్పుడు, దానిలో తమ వంతు ఎంత అని అడిగి మోయవలసిన బాధ్యతకూడా వారిదే.

కఠిన పదాలు – అర్థాలు

ఒండ్రుమట్టి = వరద నీరు తెచ్చి వేసిన సారవంతమైన మట్టి
పాయ = నది చీలిక
మండువా లోగిలి = నడుమ ఆకాశానికి తెరచిన భాగం గల నాలుగు వసారాల ఇల్లు
అటక = గది పైభాగాన కొయ్యతో వేసిన అర
గెడ = పడవను నెట్టడానికి వాడే పొడవైన కర్ర
దింపు = చెట్లనుండి కొబ్బరికాయలను కోసి దించడం
ఒర = నూతి లోపల మట్టి కూలకుండ అమర్చే వలయం
మెరక = ఎత్తైన నేల
ఆనిక = ఊత, ఆధారం
నిశ్చేష్టుడు = కదలిక లేనివాడు, దిగ్భ్రాంతుడు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. లంక గ్రామాల భౌగోళిక స్థితిని, అక్కడి ప్రజలు వరదలకు సిద్ధమయ్యే తీరును వివరించండి.
2. 'ఏటి ఒడిలో ఇల్లు' పాఠం ఆధారంగా అన్నదమ్ముల స్వభావాలను విశ్లేషించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఏటిగట్లు లంకలకు రక్ష ఎందుకు కావు?
2. వరద తీసిన తర్వాత ఒడ్డు ఎక్కువగా విరిగి పడడానికి కారణమేమి?
3. దూలాలకు గుర్తులు వేసిన తర్వాత మనుమడిలో వచ్చిన మార్పును తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. వసిష్ఠ నుండి విడివడిన పాయ ఏది?
2. సావిడి స్తంభంమీద అన్నింటికంటె ఎత్తున ఉన్న గీత ఏ సంవత్సరానిది?
3. సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట ఏ సంవత్సరం నాటికి పూర్తయింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. "ఏరు వచ్చిందని ఇల్లు వదిలితే, ఏరు వెళ్ళాక ఎవరి మొహం చూడాలిరా?"
2. "అట్లా రాస్తే అమ్మ మాట పోతుంది అన్నయ్యా."
3. "కొత్త నేలమీద కొత్త కొలత మీరు వేసుకోండి."

V. సంధులు – విడదీసి సంధి పేరు తెలపండి
పూర్వాచారం, జలాశయం, అత్యంతం, శరదృతువు

VI. సమాసాలు – విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి
అన్నదమ్ములు, ఏటిగట్టు, నదీమధ్యం, నాలుగు దిక్కులు

VII. ఆలోచించండి – రాయండి
మీ కుటుంబంలోని పెద్దలను అడిగి, వారు పుట్టిన ఇంటిని గురించి, ఆ ఇంటిలో వారు విన్న, నేటికీ పాటిస్తున్న ఒక మాటను గురించి ఒక పుటకు మించకుండా రాయండి.